రుక్మిణీదేవి అరండేల్ - నోరులేని ప్రాణుల పక్షాన

మన సంఘం ఈ ప్రత్యేక సంచికకు మహనీయుల జీవితాలను గూర్చి తలా ఒక వ్యాసం రాయాలని కార్యవర్గం కోరినప్పుడు మిత్రులు చాలామంది స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు ఎంచుకున్నారు. నేను శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ పేరు చెప్పాను. నాట్యం సంగతి నీకేం తెలుసునని ఒకరిద్దరు నవ్వారు. నిజమే, నాకు తాళం కూడా సరిగా పట్టుబడదు. మునిసిపాలిటీ ఆరోగ్య విభాగంలో 1974లో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన నాకు ఆవిడ చట్టం పుస్తకంలోంచి పరిచయమయ్యారు. కాబట్టి భరతనాట్యం గురించి నాలుగు ముక్కలు చెప్పి, మిగతా కథ వివరంగా రాస్తాను.

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29న మదురైలో జన్మించారు. తండ్రి నీలకంఠశాస్త్రి గారు పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంటులో ఇంజనీరు. మనందరికీ తెలిసిన బదిలీల బతుకే ఆయనదీను. దివ్యజ్ఞాన సమాజం మీద గురి కుదిరి, రిటైరయ్యాక మద్రాసులో అడయారు వద్ద, ఆ సమాజం ఆవరణకు దగ్గరలో ఇల్లు కట్టుకున్నారు. పెన్షనుదారు ఇల్లు ఎక్కడ కట్టుకుంటాడన్న దాన్నిబట్టి పిల్లల జీవితాలు ఎలా మారతాయో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ ఇంట్లోంచే అనీబిసెంటు గారి సాన్నిహిత్యమూ, దేశదేశాల మనుషుల రాకపోకలూ ఆ అమ్మాయికి అబ్బాయి. ఆమె అన్నగారు శ్రీరామ్ తరువాతి కాలంలో ఆ సమాజానికి అధ్యక్షులయ్యారు.

1920లో, పదహారేళ్ళ వయసులో, తనకన్న ఇరవై అయిదేళ్ళు పెద్దవాడైన ఇంగ్లీషు దొర జార్జి అరండేల్‌ను ఆమె వివాహమాడారు. మద్రాసు బ్రాహ్మణ సమాజం అట్టుడికిపోయింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ దుమారంలో నిలబడడం చిన్న వయసులోనే అలవాటైనందువల్లనే కాబోలు, ఆ తరువాత ఎవరేమన్నా ఆమె పెద్దగా చలించినట్టు కనబడదు.

1920ల చివర రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా పరిచయం కలిగింది. తన దేశపు నాట్యం వైపు దృష్టి మళ్ళడానికి ఆ పరిచయం తోడ్పడింది. అప్పటికి దేవదాసీల సదిర్ నాట్యాన్ని పెద్దమనుషులు చూడగూడనిదిగా ఎంచేవారు. రుక్మిణీదేవి మైలాపూరు గౌరీ అమ్మాళ్ వద్ద, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై వద్ద దాన్ని నేర్చి, 1935 డిసెంబరులో అడయారులో స్వయంగా ప్రదర్శించారు. మరుసటి ఏడు కళాక్షేత్రం మొదలైంది. ఆ నాట్యాన్ని పుట్టినింటి నుంచి వేరుచేశారన్న విమర్శ ఆమె మీద ఈనాటికీ ఉంది. అది తేల్చవలసినవారు తేలుస్తారు. మన తెలుగువారు మరువరాని సంగతి ఒకటుంది. తంజావూరు సీమలో మెలట్టూరు భాగవత మేళా నాటకాలు తెలుగులో రాసినవి. అవి మరుగున పడిపోకుండా పూనుకున్నవారిలో ఆమె ముఖ్యులు. భర్త 1945లో కాలం చేశారు. పిల్లలు లేరు.

1952లో రాష్ట్రపతి ఆమెను రాజ్యసభకు నామినేట్ చేశారు. కళాకారిణి కనుక కళల గురించి మాట్లాడతారని అందరూ అనుకుని ఉంటారు. ఆమె జంతువుల గురించి మాట్లాడారు. మూగజీవాల పట్ల క్రూరత్వాన్ని నివారించడానికి 1953లో అనధికార సభ్యురాలిగా ఒక బిల్లు ప్రవేశపెట్టారు. అప్పటికి ఉన్నది 1890 నాటి తెల్లదొరల చట్టం. దాని పరిధి పెంపుడు జంతువులకూ, పట్టి బంధించిన వాటికీ మించి పోదు. సర్కసులో జంతువు, ప్రయోగశాలలో కోతి, కబేళాకు నడిచే ఎద్దు - వీటన్నిటి సంగతీ ఒకచోట ఆలోచించిన చట్టం స్వతంత్ర భారతంలో అంతవరకు లేదు.

అనధికార బిల్లులు గట్టెక్కడం ఎంత అరుదో ఫైళ్ళు నడిపిన మనకు చెప్పనక్కరలేదు. బిల్లు మీద చర్చ జరిగినప్పుడు ప్రధాని నెహ్రూ గారు దాని ఉద్దేశాన్ని మెచ్చుకుని, ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని హామీ ఇచ్చి, ఉపసంహరించుకొమ్మని కోరారు. ఆమె ఉపసంహరించుకున్నారు. హామీ అంటే ఏమిటో, కమిటీ అంటే ఏమిటో మనకు తెలుసు. కమిటీ వేశారు, దేశమంతటా విచారించారు, నివేదిక వచ్చింది, ఏళ్ళు గడిచాయి. ఆమె వదలలేదు. చివరకు 1960లో పార్లమెంటు జంతు హింస నివారణ చట్టాన్ని ఆమోదించింది. 1960 నాటి 59వ చట్టం. ఆ చట్టం ప్రకారం 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడగా ఆమే తొలి అధ్యక్షురాలు. కార్యాలయం ఢిల్లీలో కాక మద్రాసులో పెట్టారు. అది 2018లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు తరలిపోయింది.

ఇక ఈ చట్టం నా బల్ల మీదికి ఎలా వచ్చిందో చెబుతాను. నేను చేరిన కొత్తలో మా మునిసిపాలిటీలో వీధికుక్కల నిర్మూలన అని ఒక పద్దు ఉండేది. కుక్కల బండి తిరిగేది. పట్టేవాళ్ళకు తలకింత అని కూలి. ఎన్ని కుక్కలో రాసిన వోచర్లు నా సెక్షనుకే వచ్చేవి. ఒకసారి ఆడిట్ వారు, ఏ అధికారంతో ఈ ఖర్చు అని అభ్యంతరం లేవదీస్తే, జవాబు రాయడానికి చట్టం పుస్తకం తెప్పించి మొదటిసారి పదకొండో సెక్షను చదివాను.

చదివితే ఆశ్చర్యం వేసింది. కొట్టడం, తన్నడం, మోయలేని బరువు వేయడం సరే, అవి ఎవరైనా ఊహిస్తారు. మరీ పొట్టి గొలుసుతోగాని, మరీ బరువైన గొలుసుతోగాని ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను యజమాని నడిపించకపోవడం నేరం. చాలినంత తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం నేరం. ఆకలిదప్పులకు మాడేలా వదిలిపెట్టి పోవడం నేరం. కుక్కతో ఒక్క వారం కాపురం చేసినవాళ్ళకు తప్ప తట్టని సంగతులివి. అదే సెక్షను మూడో ఉపవిభాగంలో మాత్రం, వీధికుక్కలను మరణ గదుల్లో చంపడానికి ఈ నిషేధాలు వర్తించవని మినహాయింపు ఉంది. మా ఆడిట్ అభ్యంతరానికి ఆ మినహాయింపునే జవాబుగా ఉదహరించాం. యజమాని ఉన్న కుక్కకు గొలుసు ఎంత పొడుగుండాలో చెప్పిన చట్టం, యజమాని లేని కుక్కకు చావు ఎలా ఉండాలో చెప్పి ఊరుకుంది. అంత పట్టుదల గల మనిషికి కూడా పార్లమెంటులో దొరికింది అంతే. చట్టసభల్లో పని ఎంతవరకు సాగితే అంతవరకే పట్టుకుని, మిగతాది మండలి ద్వారా సాధించుకోవాలని ఆమె అనుకుని ఉంటారని నా ఊహ. 1982లో, ఆమె జీవించి ఉండగానే, వీధికుక్కలను గుండెలోకి స్ట్రిక్నిన్ విషం ఎక్కించి చంపడాన్ని సవరణ ద్వారా అదే సెక్షనులో నేరంగా చేర్చారు.

ఈ సెక్షనులోని మాటలు నాకు పూర్తిగా అర్థమైంది రిటైరయ్యాక. 2019లో హైదరాబాదులోని ఒక సంరక్షణ కేంద్రం నుంచి లారీ కింద పడి బతికిన ఒక ఊరకుక్కను తెచ్చుకున్నాం. ఆడది, మట్టి రంగు. పళ్ళు చూసి నాలుగేళ్ళుంటాయన్నారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. చిట్టి అని పేరు పెట్టాం. వచ్చిన మూడు రోజులు మంచం కింద నుంచి బయటికి రాలేదు. లాగవద్దని, వంగి చూడవద్దని, పక్కకు తిరిగి నేల మీద కూర్చోమని డాక్టరు గారు చెప్పారు. మోకాళ్ళ నొప్పులవాణ్ణి, నేల మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి. అయినా కూర్చున్నాను. పెరుగన్నం గిన్నె రోజూ ఒకే చోట, ఒకే వేళకు పెట్టేవాళ్ళం. నాలుగో రాత్రి గిన్నె ఖాళీ అయింది.

మాది శాకాహారపు ఇల్లు. దెబ్బ తిన్న ఒంటికి గుడ్డు పెట్టమన్నారు డాక్టరు. మా ఆవిడ రెండు రోజులు ఆలోచించి, పెరట్లో విడిగా ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక పాత గిన్నె పెట్టుకుంది. రుక్మిణీదేవి గారు జీవితాంతం శాకాహారి, అంతర్జాతీయ శాకాహార సంఘంలో పదవి నిర్వహించినవారు. ఆవిడ అయితే ఏంచేసి ఉండేవారని మా ఇంట్లో చాలాసార్లు వాదం జరిగింది. తేలలేదు. గుడ్డు మాత్రం ఆగలేదు.

పక్కింటాయన మంచి మనసుతో ఒక ఇనప గొలుసు తెచ్చిచ్చారు. బావి చేదకు కట్టేంత లావుది. పదకొండో సెక్షను గుర్తు చేసుకుని దండం పెట్టి తిరిగిచ్చేశాను. గుడ్డ పట్టీ కొన్నాం. పొద్దున అయిదున్నరకు, సాయంత్రం ఆరుకు నడక. మొదటి వానాకాలంలో పిడుదుల జ్వరం వచ్చి చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ వేశాం. మందు అన్నంలో దాస్తే అన్నం తిని మాత్ర వదిలేసేది. బెల్లం ముద్దలో దాస్తే తినేది. ఏటా రేబీస్ టీకా తప్పదు. దీపావళికి స్నానాల గదిలో రేడియో పెట్టి పక్కన ఎవరో ఒకరం కూర్చుంటాం.

ఒకటి మాత్రం మారలేదు. నా చేతికర్ర చూస్తే ఇప్పటికీ చిట్టి నేలకు కరుచుకుపోతుంది. ఎవరు కొట్టారో, ఎన్నిసార్లు కొట్టారో. అందుకని కర్ర గుమ్మం బయటనే వదిలి, ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తాను. డెబ్బై ఏళ్ళ కింద ఒకావిడ రాజ్యసభలో లేచి కొట్టడం నేరమని రాయించడానికి ఎందుకంత తంటాలు పడ్డారో గోడ పట్టుకుని నడిచేటప్పుడు అర్థమవుతుంది. ఆ సెక్షను కింద మొదటి నేరానికి జరిమానా హెచ్చు పక్షం యాభై రూపాయలు. అప్పట్లో అది కొంత మొత్తం. ఇప్పుడు కుక్కకు కట్టే గుడ్డ పట్టీ కూడా ఆ ధరకు రాదు.

మళ్ళీ ఆమె కథకు వద్దాం. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1962లో రాజ్యసభ పదవీకాలం ముగిసింది. ఆ దశకంలోనే కళాక్షేత్రం తిరువాన్మియూరులోని విశాలమైన ఆవరణలో స్థిరపడింది. 1977లో ప్రధాని మొరార్జీ దేశాయ్ గారు ఆమెను రాష్ట్రపతి పదవికి పోటీ చేయమని అడిగారు. ఆమె వద్దన్నారు. ఆ ఏడు మన నీలం సంజీవరెడ్డి గారు పోటీ లేకుండా రాష్ట్రపతి అయిన సంగతి సభ్యులందరికీ తెలుసు. రాష్ట్రపతి భవనం కాదనుకున్న మనిషి నిధులు చాలని ఒక చిన్న మండలి పని మాత్రం వదులుకోలేదు. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఇక్కడే. నాట్యానికి చప్పట్లుంటాయి. కబేళాల తనిఖీకీ, ప్రయోగశాలల నిబంధనలకూ చప్పట్లు కొట్టేవారు లేరు. 1986 ఫిబ్రవరి 24న మద్రాసులో ఆమె కన్నుమూశారు.

ఆమె మిగిల్చి వెళ్ళిన పని తరువాతివారు అందుకున్నారు. కళాక్షేత్రంలో నాట్యం నేర్చిన నటి అమల అక్కినేని గారు 1992లో హైదరాబాదులో బ్లూ క్రాస్ స్థాపించారు. 2001లో కేంద్రప్రభుత్వం ఆ 1960 చట్టం కిందనే నియమాలు తెచ్చి, వీధికుక్కలను చంపడానికి బదులు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదలాలని నిర్దేశించింది. మా మునిసిపాలిటీలో ఆ పద్దు పేరు మారింది, వోచర్ల నమూనా మారింది. 2023లో ఆ నియమాలను కొత్తగా రాశారు. 2025లో సుప్రీంకోర్టులో ఈ విషయం మీద పెద్ద వివాదమే నడిచింది. ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమని వచ్చిన ఉత్తర్వు పదకొండు రోజుల్లో సవరణ పొందింది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్ల వంటి చోట్ల నుంచి తీసివేయమన్నారు. పిల్లల్ని కుక్కలు కరిచిన వార్తలు చదివినప్పుడు ఆ తల్లిదండ్రుల కోపం నాకు అర్థమవుతుంది. రేబీస్ ఎంత భయంకరమో ఆరోగ్య విభాగంలో పనిచేసినవాడికి వేరే చెప్పాలా. కాని ఆశ్రయాలకు తరలిస్తే అక్కడి గదులు ఎన్ని, చూసే చేతులు ఎన్ని అన్న లెక్క కూడా వేయాలి. చిట్టిని తెచ్చిన రోజున ఆ కేంద్రంలో దాని గదిలో ఇంకా పదకొండు కుక్కలున్నాయి.

మన సభ్యులెవరైనా తెచ్చుకోదలిస్తే కుక్కపిల్లే కావాలని పట్టుబట్టవద్దు. పిల్లల్ని ఎవరైనా తీసుకుపోతారు, నాలుగైదేళ్ళ వాటిని అడిగేవారు తక్కువ. మన వయసుకు ఇల్లంతా కొరికే కుక్కపిల్లకన్న అవే నయం. వెళ్ళేటప్పుడు చిరునామా రుజువు పట్టుకెళ్ళండి. వచ్చేటప్పుడు టీకాల కార్డు అడిగి తీసుకోండి. మీ తరువాత దాన్ని ఎవరు చూస్తారని అక్కడివాళ్ళు అడుగుతారు. మా అమ్మాయి ఫారం మీద రెండో సంతకం చేసింది.