తెగని కత్తుల బ్రియర్లీ

కత్తులకు పేరుమోసిన ఇంగ్లండ్ ఊరు షెఫీల్డ్‌లో, స్టీలు కరిగించే కార్మికుడి ఇంట 1871లో పుట్టాడు హ్యారీ బ్రియర్లీ. పన్నెండేళ్లకే బడి మానేసి పనిలో చేరి, కెమిస్ట్రీ నేర్చుకున్నాడు. తుపాకీ గొట్టాలు అరగకుండా చూడమంటే, 1913లో సుమారు 13 శాతం క్రోమియంతో స్టీలు పోశాడు. నిమ్మరసం పోసినా దానికి మచ్చ పడలేదు. కత్తులకిదే సరైనదనుకున్నాడు. కత్తులు చేసేవాళ్లేమో సానకు లొంగదు, పదును నిలవదు అని ఎగతాళి చేశారు. అసలు చిక్కు వేడిలో ఉంది. కార్బన్ స్టీలు గట్టిపడాలంటే సుమారు 800 డిగ్రీలు చాలు. దీనికి 1000 దాకా కావాలి. ఎర్నెస్ట్ స్టువర్ట్ అనే కట్లరీ మేనేజర్ సాయంతో చివరికి కత్తి తెగింది. పేటెంట్ గొడవతో బ్రియర్లీ 1915లో కంపెనీ వదిలేశాడు, 1948లో కన్నుమూశాడు. మన మెస్‌లో కత్తి ఇవాళ తుప్పు పట్టకుండా తెగుతోందంటే, అతను పట్టు వదలకపోబట్టే.