పదవి కూడా అమానతే: హజ్రత్ ఉమర్ (రజి) అధికారులను ఎంచుకున్న తీరు

అమానతులను వాటికి అర్హులైన వారికే అప్పగించాలని దివ్య ఖురాన్ ‘అన్నిసా’ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. అమానత్ అనగానే పక్కింటివారు దాచమని ఇచ్చిన నగో, ఊరెళ్తూ ఇచ్చిన ఇంటి తాళమో మనకు గుర్తుకొస్తుంది. కాని ధర్మపండితులు ప్రభుత్వ పదవులను కూడా ఈ ఆయతు పరిధిలోకి తెచ్చారు. ఒక ఉద్యోగం ఖాళీ అయితే దానిని ఎవరికో ఒకరికి ఇచ్చే అధికారి దాని సొంతదారు కాడు. అది ప్రజలది, ఆయన చేతిలో ఉన్నది అమానత్ మాత్రమే.

మరి అర్హుడు ఎవరు? మూసా ప్రవక్త (అలై)ను పనికి పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చిన అమ్మాయి రెండు గుణాలను పేర్కొన్నట్లు ‘అల్ ఖసస్’ సూరాలో ఉంది. ఒకటి శక్తి, రెండోది నమ్మకం. వినడానికి ఇది సులువుగానే ఉంటుంది. ఆ రెండూ ఒకే మనిషిలో సమపాళ్లలో దొరకనప్పుడే చిక్కు. పదేళ్ల పాలనలో ఈ చిక్కును పదే పదే ఎదుర్కొన్న హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) జీవితాన్ని ఈ కోణం నుంచి చూద్దాం.

ఆయన మక్కాలోని ఖురైష్ తెగకు చెందిన బనూ అదీ వంశీయులు. యౌవనంలో తండ్రి ఒంటెలను మేపారు, వర్తకం చేశారు. చదవడం, రాయడం తెలిసిన కొద్దిమంది మక్కావాసుల్లో ఆయన ఒకరు. దైవదౌత్యం ఆరంభమైన ఆరో ఏట ఇస్లాం స్వీకరించారు. ఆ ఘట్టం మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలిసినదే గనుక మళ్లీ చెప్పడం లేదు. అంతగా చెప్పుకోని రెండు సంఘటనలు మాత్రం ఇక్కడ అవసరం.

హిజ్రీ 8లో దైవప్రవక్త (స) జాతుస్సలాసిల్ దండయాత్రకు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)ను సేనాధిపతిగా పంపారు. అమ్ర్ (రజి) ఇస్లాం స్వీకరించి అప్పటికి కొద్ది నెలలే అయింది. ఆయనకు సహాయంగా వెళ్లిన దళంలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) వంటి పెద్దలు సాధారణ సైనికులుగా ఉన్నారు. గడ్డకట్టే చలిలో కూడా మంటలు వేయవద్దని అమ్ర్ (రజి) ఆజ్ఞాపించారు. ఉమర్ (రజి)కు కోపం వచ్చింది, నిలదీయబోయారు. అబూబక్ర్ (రజి) ఆయనను ఆపి, అమ్ర్‌కు యుద్ధ విద్య తెలుసు కాబట్టే దైవప్రవక్త (స) ఆయనను మనపై నాయకునిగా నియమించారని గుర్తు చేశారు.

రెండో సంఘటన హిజ్రీ 11 నాటిది. ఇరవై ఏళ్లు కూడా నిండని హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)ను దైవప్రవక్త (స) సేనానిగా నియమించారు. ఆయన తండ్రి జైద్ (రజి) ఒకప్పుడు బానిస. కొందరు గొణిగారు. దైవప్రవక్త (స) పరమపదించాక, వయసులో పెద్దవారిని సేనానిగా పెట్టమని అన్సారులు ఖలీఫా అబూబక్ర్ (రజి)కు కబురు పంపారు. ఆ కబురు మోసుకెళ్లింది ఉమర్ (రజి)యే. అబూబక్ర్ (రజి) లేచి ఆయన గడ్డం పట్టుకుని, దైవప్రవక్త (స) నియమించిన వ్యక్తిని తనచేత తొలగింపజేయాలని చూస్తున్నారా అని మందలించినట్లు చరిత్రకారులు రాశారు. ఉసామా (రజి) సైన్యంతో వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చారు.

అంటే వయసు, వంశం, ఇస్లాంలో సీనియారిటీ – వీటిలో ఏదీ ఒంటరిగా అర్హత కాదన్న పాఠాన్ని ఉమర్ (రజి) ఇతరుల నియామకాలను చూసి నేర్చుకున్నారు. తరువాతి కాలంలో బైతుల్ మాల్ నుంచి భత్యాలు నిర్ణయించినప్పుడు తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) కంటే ఉసామా (రజి)కే ఆయన ఎక్కువ ఇచ్చారు. కుమారుడు కారణమడిగితే, దైవప్రవక్త (స)కు ఉసామా నీకన్నా, అతని తండ్రి నీ తండ్రికన్నా ప్రియమైనవారని బదులిచ్చారు.

హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో ఆయన ఖలీఫా అయ్యారు. వచ్చీ రాగానే ఇరాక్ సైన్యానికి నాయకుడు కావలసి వచ్చింది. పర్షియన్లతో పోరంటే జనం వెనకాడారు. రోజుల తరబడి పిలుపునిచ్చాక మొదట ముందుకొచ్చినవారు సఖీఫ్ తెగకు చెందిన అబూ ఉబైద్. ముందు లేచినవారిని కాదని వెనుక కూర్చున్నవారికి నాయకత్వం ఎలా ఇస్తానని భావించి, పెద్ద సహాబాలు ఉండగానే ఉమర్ (రజి) ఆయనకు సేనాధిపత్యం ఇచ్చారు. ఆయనతో వెళ్లిన సలీత్ బిన్ ఖైస్ (రజి) తొందరపాటు మనిషి కాకుంటే ఆయననే నాయకుణ్ణి చేసేవాడినని కూడా చెప్పారు. సహాబాలను సంప్రదించి నడుచుకోమని అబూ ఉబైద్‌కు గట్టిగా బోధించారు. కాని అబూ ఉబైద్ తోటివారి మాట వినకుండా యూఫ్రటీస్ నది దాటి శత్రువును ఎదుర్కొన్నారు. ఏనుగు కాళ్ల కింద ప్రాణాలు వదిలారు. ‘వంతెన యుద్ధం’గా పేరుపడిన ఆ రోజున ముస్లిం సైన్యం ఘోరంగా దెబ్బతింది. ఉత్సాహం గొప్ప గుణమే, సేనాని పనికి మాత్రం అదొక్కటే చాలలేదు.

ఆ తరువాతి ఏళ్లలో ఆయన నియామకాలను చూస్తే, పని ఏమిటో ముందు చూసి, ఆ పనికి తగిన మనిషి కోసం వెదకడం కనిపిస్తుంది. ఖాజీ షురైహ్ విషయం ప్రసిద్ధమైనది. ఉమర్ (రజి) ఒక గుర్రాన్ని బేరమాడి, నడిపి చూస్తుండగా అది గాయపడింది. తిరిగి తీసుకోమంటే యజమాని ఒప్పుకోలేదు. ఇద్దరూ షురైహ్‌ను మధ్యవర్తిగా పెట్టుకున్నారు. కొన్నదానిని ఉంచుకోవాలి, లేదా తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలని షురైహ్ ఖలీఫాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఉమర్ (రజి) ఆయనను కూఫా ఖాజీగా నియమించారు. షురైహ్ ఆ పదవిలో దశాబ్దాల పాటు కొనసాగారు. తనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పిన మనిషిని మరునాడు ఏ మారుమూలకో బదిలీ చేసే రాజులనే చరిత్రలో ఎక్కువగా చూస్తాం.

ఇరాక్ సాగుభూములను కొలిచి శిస్తు నిర్ణయించే పని వచ్చినప్పుడు ఆయన సహాబాలను సంప్రదించారు. వారు ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) పేరు చెప్పారు. ఆయనకున్న వివేకం, తెలివి, అనుభవం ఆ పనికి తగినవని కారణం చూపారు. ఇమామ్ అబూ యూసుఫ్ ‘కితాబుల్ ఖరాజ్’లో ఇది నమోదైంది. కొలతలో తేలిన భూమి 3 కోట్ల 60 లక్షల జరీబులు. కొలత తప్పితే రైతు నష్టపోతాడు, లేదంటే ఖజానా నష్టపోతుంది. అలాంటి పని అది.

మక్కా గవర్నరు నాఫె బిన్ అబ్దుల్ హారిస్ (రజి) ఒకసారి ఉస్ఫాన్ వద్ద ఉమర్ (రజి)ను కలిశారు. మక్కాలో ఎవరిని ఉంచి వచ్చారని ఖలీఫా అడిగితే, ఇబ్నె అబ్‌జాను అని చెప్పారు. ఎవరతను అంటే, విముక్తి పొందిన బానిస అన్నారు. ఖురైష్ పెద్దల ఊరికి మాజీ బానిస అధికారా అని ఉమర్ (రజి) ఆశ్చర్యపోయారు. అతను ఖురాన్ తెలిసినవాడని, వారసత్వ వాటాల శాస్త్రంలో పండితుడని నాఫె (రజి) వివరించారు. ఈ గ్రంథం ద్వారా అల్లాహ్ కొందరిని పైకి లేపుతాడని, కొందరిని దించుతాడని చెప్పిన ప్రవక్త (స) వచనాన్ని ఉమర్ (రజి) గుర్తు చేసుకున్నారు. సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం ఇది. వారసత్వ వాటాలు అనడంలోనూ అర్థం ఉంది. ఆస్తి తగాదాలు పరిష్కరించాల్సిన వ్యక్తికి అవసరమైన విద్య అది.

మనిషిని ఎలా తెలుసుకోవాలో కూడా ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఒక సాక్షి మంచివాడని ఎవరో పూచీ పడ్డారు. నువ్వు అతని పొరుగువాడివా, అతనితో ప్రయాణం చేశావా, డబ్బు లావాదేవీలు జరిపావా అని ఉమర్ (రజి) అడిగారు. అన్నిటికీ కాదనే జవాబు వచ్చింది. అయితే మస్జిద్‌లో అతను నమాజులో తల వంచడం, ఎత్తడం చూసి ఉంటావు, అతన్ని నువ్వు ఎరగవు అని పంపేశారు. మన మస్జిద్ కమిటీలు, బడుల యాజమాన్యాలు సిఫారసు చీటీలు అందుకునేటప్పుడు ఈ మూడు ప్రశ్నలు అడిగితే సగం చీటీలు వెనక్కి పోతాయేమో!

ఇక కూఫా సంగతి. నిజమైన పరీక్ష అక్కడే ఎదురైంది.

హిజ్రీ 17లో ఆ నగరాన్ని నిర్మించి పాలించినవారు ఖాదిసియ్యా విజేత హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి). స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. ఆయనపై కూఫావాసులు ఫిర్యాదులు చేశారు. చివరికి నమాజు కూడా సరిగా చేయించరన్నారు. ఉమర్ (రజి) ఆయనను పిలిపించి అడిగారు. దైవప్రవక్త (స) చేయించినట్లే చేయిస్తున్నానని, మొదటి రెండు రకాతులు దీర్ఘంగా, చివరి రెండూ తేలికగా చేస్తానని సఅద్ (రజి) చెప్పారు. మీ గురించి నా అభిప్రాయమూ అదేనన్నారు ఉమర్ (రజి). అయినా అంతటితో వదలలేదు. విచారణకు మనుషుల్ని పంపి కూఫాలోని ప్రతి మస్జిద్‌లో అడిగించారు. అందరూ మెచ్చుకున్నారు, బనూ అబ్స్ మస్జిద్‌లో ఒక వ్యక్తి తప్ప. ఆరోపణ నిలవలేదు. కాని పాలకుడికీ ప్రజలకూ మధ్య పొసగనప్పుడు పని సాగదని సఅద్ (రజి)ను మార్చారు.

ఆయన స్థానంలో హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి)ను పంపారు. ఇస్లాం కోసం మొదటి షహీదైన హజ్రత్ సుమయ్యా (రజి) కుమారుడు ఆయన. చిత్రహింసలు భరించిన మనిషి. నమ్మకంలో ఆయనకు వంక పెట్టలేం. కొంతకాలానికి ఆయనకు పాలనా వ్యవహారాలు తెలియవని కూఫా నుంచి మళ్లీ ఫిర్యాదు వచ్చింది. ఉమర్ (రజి) పరిశీలించి తొలగించారు. బాధ కలిగిందా అని ఆయననే అడిగారు. నియమించినప్పుడు సంతోషించలేదు, తొలగించినప్పుడు మాత్రం బాధ కలిగిందని అమ్మార్ (రజి) దాచకుండా చెప్పారు.

కూఫా విషయంలో తనకు దారి చూపేదెవరని ఉమర్ (రజి) వాపోయేవారు. మెతక భక్తుణ్ణి పంపితే చేతగానివాడంటారు, గట్టివాణ్ణి పంపితే తప్పులు ఎంచుతారు. ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)ను పంపమని ఎవరో అంటే ఆ సలహాదారుని గట్టిగా కోప్పడ్డారు. హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) తన అభిప్రాయం చెప్పారు. బలహీనుడైన భక్తుని భక్తి అతనికే మేలు చేస్తుంది, బలహీనత జనం నెత్తిన పడుతుంది. సమర్థుని లోపం అతని మీదే ఉంటుంది, సామర్థ్యం జనానికి అందుతుంది. ఉమర్ (రజి) చివరికి పాలనా చతురతకు పేరుపడిన ముగీరా (రజి)నే అక్కడికి పంపారు.

ఈ వాదాన్ని అడ్డం పెట్టుకుని లంచగొండులను సమర్థులని మోసేవారు నేడూ ఉన్నారు. వారు ఒక సంగతి మరచిపోతారు. కూఫా ఖజానా గవర్నరు చేతిలో లేదు. దానిని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మసూద్ (రజి) వంటి వ్యక్తికి ఉమర్ (రజి) విడిగా అప్పగించారు. బలం ప్రధానమైన చోట బలవంతుడు, డబ్బు ఉన్న చోట నమ్మకస్తుడు. పైగా నియమించే ముందే అధికారి ఆస్తి జాబితా రాయించేవారు, తరువాత పెరిగితే లెక్క అడిగేవారు. హజ్రత్ ముహమ్మద్ బిన్ మస్లమా (రజి)ను పంపి ఫిర్యాదులు విచారింపజేసేవారు.

సొంతవారి సంగతి కొస్తే, బనూ అదీ వంశంలో ఆయన పదవి ఇచ్చినది ఒక్క నూమాన్ బిన్ అదీకేనని ఇబ్నె ఇస్‌హాఖ్ రాశారు. ఆయన మైసాన్‌లో మద్యం గురించి కవిత్వం రాస్తే, తాను తాగలేదని ప్రమాణం చేసినా వినకుండా ఆ ఒక్కరినీ తీసేశారు.

హిజ్రీ 23లో గాయపడడానికి కొద్ది రోజుల ముందు ఉమర్ (రజి) మదీనాలో ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి)ను, హుజైఫా (రజి)ను ఆపి, ఇరాక్ భూమిపై మోయలేని శిస్తు వేయలేదు కదా అని మళ్లీ అడిగారు. నాలుగు రోజులు గడవకముందే ఫజ్ర్ నమాజులో కత్తిపోట్లకు గురయ్యారు. మరణశయ్యపై తదుపరి ఖలీఫాను ఎన్నుకోవడానికి ఆరుగురి పేర్లు చెప్పారు. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) సంప్రదింపులకు హాజరు కావచ్చు, పదవిలో మాత్రం అతనికి భాగం లేదన్నారు. ఆ ఆరుగురిలో సఅద్ (రజి) కూడా ఉన్నారు. ఆయనకు దక్కితే సరే, లేకుంటే ఎవరు ఖలీఫా అయినా ఆయన సేవలు తీసుకోవాలని, అసమర్థత వల్ల గాని నమ్మకద్రోహం వల్ల గాని తాను ఆయనను తొలగించలేదని అందరి ముందు చెప్పి వెళ్లారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖలీఫా అయ్యాక సఅద్ (రజి)ను మళ్లీ కూఫాకు గవర్నరుగా పంపారు.