పరలోకరాజ్య ఉపమానాలు: ఆవగింజ, క్లౌ దొరగారు, కరువు కాలువ

ధ్యాన భాగం: మార్కు 4:26-32



పోయిన వారం మన రూము ప్రార్థనకు వచ్చింది ఎనిమిది మందే. కొందరికి నైట్ షిఫ్టు, కొందరికి ఓవర్‌టైము, ఇంకొందరికి నిద్ర. ప్రార్థన అయ్యాక ఒక తమ్ముడు బాధగా ఒక మాట అన్నాడు. బిర్యానీ పెడతామని, మంచి కంపెనీలో పని చూపిస్తామని చెబితే రూము నిండిపోదా అని. ఆ మాట నన్ను వారమంతా వదల్లేదు. దానికి జవాబుగా మన తెలుగు నేలమీద బ్రతికిన ఒక దైవజనుని జీవితం చెబుతాను. మనలో ఒంగోలు, నెల్లూరు వైపువాళ్ళకు ఆ పేరు కొత్త కాదు. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. వయసులో ఉండగా చేసిన పని భూమి సర్వే. గొలుసు పట్టుకుని అడవుల్లో నేల కొలిచిన మనిషి. కాలేజీలో చదువుకునే రోజుల్లో ప్రభువును తెలుసుకున్నారు. అదే 1836లో తెలుగువారి మధ్య అమెరికన్ బాప్టిస్టుల పని కూడా మొదలైంది. కానీ ఏళ్ళు గడిచినా ఫలం చాలా తక్కువ. ఇక ఈ మిషను మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. జ్యూయెట్ దొరగారు మాత్రం వదలనన్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఆ ఊరి కోసం ప్రార్థించారు. మొత్తం ఐదుగురు! చూడండి, ఆవగింజ అంటే అదే.

క్లౌ దొరగారు 1865లో ఇండియా వచ్చి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. సభ్యులు ఎంతమందో తెలుసా? ఎనిమిది మంది. మన రూములో ఉన్నంతమందే.

మొదట్లో ఆయన కూడా మనలాగే ఆలోచించారు. పై కులాల పిల్లలకు బడి పెడితే, పెద్దలు ముందు నమ్మితే, మిగతావాళ్ళు వెనకే వస్తారనుకున్నారు. కానీ దేవుడు వేరే తలుపు తెరిచాడు. ఒంగోలుకు నలభై మైళ్ళ అవతలి పల్లె నుండి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సహోదరుడు ప్రభువును వెదుక్కుంటూ వచ్చి, భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఊరూరా తిరిగి తనవాళ్ళకు సువార్త చెప్పాడు. వాళ్ళను చేర్చుకుంటే మేం ఉండమని పెద్ద కులాలవారు తేల్చేశారు. క్లౌ దొరగారు ఒక గదిలో, ఆయన భార్య వేరొక గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయంలో ఒకే భాగం కనబడిందట. లోకం లెక్కచేయనివారిని దేవుడు ఏర్పరచుకుంటాడనే భాగం. ఇక సందేహం లేదు. బడి ఖాళీ అయినా సరే, పేదలనే చేర్చుకున్నారు.

తరువాత 1876-78 నాటి మహా కరువు వచ్చింది. గింజ లేదు, నీళ్ళు లేవు, కలరా. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ దొరగారికి సర్వే పని వచ్చు కదా, మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం తానే కాంట్రాక్టు తీసుకున్నారు. పనిచేసినవాళ్ళకు కూలి సరిగ్గా ముట్టాలని ఆయన పట్టుదల. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వేలమంది మట్టి తవ్వి మోశారు. కూలివాళ్ళు కాసేపు కూర్చున్నప్పుడు ఆ బోధకులు యేసయ్య గురించి చెప్పారు. సముద్రం పక్కన నేల తవ్వి కట్టిన పోర్టు చుట్టూ చెమటోడ్చే మనకు ఆ దృశ్యం వేరే చెప్పాలా?

ఇక్కడే అసలు విషయం ఉంది, జాగ్రత్తగా చదవండి. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడిగారు. ఇచ్చి ఉంటే అమెరికాకు గొప్ప రిపోర్టు పంపేవారు. కానీ ఆయన పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారో, ప్రభువు కోసం వచ్చారో తెలియాలి కదా! మార్కు నాల్గవ అధ్యాయంలో విత్తనం చల్లినవాడు నిద్రపోతాడు, లేస్తాడు; మొలక ఎలా పెరిగిందో అతనికే తెలియదు. పండకముందే కొడవలి పెట్టడు. దొరగారు చేసింది అదే.

1878లో సహాయం పంచడం ఆగిపోయింది. ఇక నా దగ్గర ఇచ్చేందుకు డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళండని చెప్పారు. జనం వెళ్ళలేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం ఇస్తే చాలని అడిగారు. ఊళ్ళ బోధకులు ఒక్కొక్కరినీ పరీక్షించి సాక్ష్యమిచ్చాకే ఒప్పుకున్నారు. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. క్లౌ దొరగారు ఆ రోజు ఒక్కరికి కూడా తన చేతులతో ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతానికి లెక్క తొమ్మిది వేలు దాటింది. ఆయన 1910లో ప్రభువు సన్నిధికి చేరారు.

ప్రియులారా, మనం నేర్చుకోవలసింది ఏమిటి?

ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టాలి. పని పోయినవాడికి పని వెదికిపెట్టాలి. దొరగారు రెండూ చేశారు. కానీ అన్నాన్ని ఎరగా వేయలేదు, కూలిని విశ్వాసానికి వెల చేయలేదు. కాబట్టి తమ్ముడూ, మనం బిర్యానీ పెడదాం. ప్రార్థనకు రాని పక్క మంచం అతనికి కూడా పెడదాం. రమ్మని షరతు మాత్రం వద్దు. విత్తడం మన పని, పెంచడం దేవుని పని. ఎనిమిది మందిని చూసి సిగ్గుపడకండి. కొండ మీద ఉన్నది ఐదుగురే.

ప్రార్థన: తండ్రీ, లెక్కల మీద ఆశ మాలోనుండి తీసివేయుము. పక్కవాని ఆకలిని ప్రేమతో తీర్చే మనసు, మొలక కోసం కనిపెట్టే ఓర్పు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మీ రూములో, మీ గ్రూపులో ఒక్కరికైనా పంపండి. వచ్చే భాగంలో పులిసిన పిండి ఉపమానం ధ్యానిద్దాం.