జాన్ స్నో

జాన్ స్నో (మార్చి 15, 1813 - జూన్ 16, 1858) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ వైద్యుడు. కలరా వ్యాధి కలుషితమైన నీటి ద్వారా వ్యాపిస్తుందని లెక్కలతో చూపినవాడు. తీవ్రమైన నీళ్ళ విరేచనాలు ఒక జనసమూహంలో ఎవరికి, ఎక్కడ, ఎంతమందికి వస్తున్నాయో లెక్కించి, ఆ తేడాల నుండి కారణాన్ని రాబట్టడం ఇతని పద్ధతి. అందువలన ఇతడిని ఎపిడెమియాలజీ (జనసమూహాలలో వ్యాధుల వ్యాప్తిని పరిశీలించే శాస్త్రం) పితామహులలో ఒకడిగా పరిగణిస్తారు.

బాల్యము, విద్యాభ్యాసము

స్నో యార్క్ నగరంలో ఒక శ్రామిక కుటుంబంలో, తొమ్మిదిమంది సంతానంలో పెద్దవాడిగా జన్మించాడు. 14వ యేట న్యూకాజిల్ నగరంలో ఒక శస్త్రవైద్యుని వద్ద శిష్యుడిగా చేరాడు. 1831-32లో ఇంగ్లాండులో కలరా మొదటిసారి ప్రబలినపుడు కిల్లింగ్‌వర్త్ బొగ్గుగనుల కార్మికులకు చికిత్స చేశాడు. 1836లో లండన్ చేరి, 1844లో లండన్ విశ్వవిద్యాలయం నుండి ఎం.డి. పట్టా పొందాడు. యుక్తవయసు నుండి శాకాహారి, మద్యపానానికి వ్యతిరేకి. వివాహం చేసుకోలేదు.

మత్తుమందులపై కృషి

జీవించి ఉన్న కాలంలో స్నోకు పేరు తెచ్చినది మత్తు వైద్యమే. ఈథర్ ఆవిరిని ఎంత మోతాదులో ఇవ్వాలో పరిశోధించి 1847లో పుస్తకం ప్రచురించాడు. 1853లో, 1857లో విక్టోరియా రాణి ప్రసవ సమయాలలో ఇతడే క్లోరోఫాం ఇచ్చాడు.

కలరా సిద్ధాంతము

కుళ్ళిన పదార్థాల నుండి వెలువడే చెడుగాలి వలన కలరా వస్తుందని ఆనాటి వైద్యులలో అధికులు నమ్మేవారు. స్నో దీనిని అంగీకరించలేదు. వ్యాధి ఊపిరితిత్తులలో కాక పేగులలో మొదలవుతున్నది గనుక, దాని కారకం నోటి ద్వారానే లోపలికి పోవాలని తర్కించాడు. 1849లో ఈ అభిప్రాయాన్ని ఒక చిన్న పుస్తకంగా ప్రచురించాడు. రోగి పక్కబట్టలు తాకిన చేతులు కడుక్కోకుండా భోజనం చేయడం, ఒకే గదిలో అనేకులు నివసించడం, మరుగుదొడ్లు లేని గనులలో కార్మికులు తినడం వలన వ్యాధి ఒకరి నుండి ఒకరికి సోకుతుందని వివరించాడు. మురుగు తాగునీటిలో కలిసినచో ధనిక, పేద భేదం లేకుండా ఊరంతటికీ వ్యాపిస్తుందని చెప్పాడు.

బ్రాడ్ స్ట్రీట్ పంపు

1854 ఆగస్టు 31 రాత్రి లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా విజృంభించినది. పది రోజులలో 500 మందికి పైగా మరణించారు. స్నో మరణాల నమోదు కార్యాలయం నుండి వివరాలు తీసుకొని, ఇంటింటికీ తిరిగి విచారించాడు. మొదట పరిశీలించిన 83 మరణాలలో 73 బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గరి ఇళ్ళలోనే సంభవించాయి. వీరిలో 61 మంది ఆ నీటిని తాగినట్లు తెలిసినది.

వ్యాధి సోకనివారిని గురించి కూడా స్నో విచారించాడు. సమీపంలోని పేదల శరణాలయంలో 535 మంది ఉండగా 5 మంది మాత్రమే మరణించారు. దానికి సొంత బావి ఉన్నది. అదే వీధిలోని బీరు కర్మాగారంలో 70 మందికి పైగా పనివారు ఉన్నప్పటికీ ఒక్కరూ మరణించలేదు. వారు బీరు తాగేవారు, పంపు నీరు ముట్టేవారు కాదు. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక వితంతువు మాత్రం ఆ నీటి రుచిపై ఇష్టంతో రోజూ తెప్పించుకొని తాగి, కలరాతో మరణించినది.

సెప్టెంబరు 7న స్నో ఈ వివరాలను స్థానిక పాలకమండలి ముందుంచగా, మరునాడు పంపు పిడిని తొలగించారు. అయితే జనం ప్రాంతం విడిచి వెళ్ళడం వలన వ్యాధి అప్పటికే తగ్గుముఖం పట్టినదని స్నో స్వయంగా అంగీకరించాడు. 1855లో హెన్రీ వైట్‌హెడ్ అనే మతగురువు మరొక విషయం కనుగొన్నాడు. 40వ నెంబరు ఇంటిలో విరేచనాలతో మరణించిన పసిపాప గుడ్డలు ఉతికిన నీటిని, బావికి మూడు అడుగుల లోపు దూరంలో ఉన్న మురుగు గుంటలో పోశారు. పిడి తొలగించిన రోజునే ఆ పాప తండ్రికి కూడా కలరా సోకినది. పిడి అలాగే ఉంటే వ్యాధి మరల ప్రబలి ఉండేదని భావిస్తారు.

రెండు కంపెనీల నీరు

ఇదే కాలంలో స్నో దక్షిణ లండన్‌లో మరింత విస్తృతమైన పరిశోధన చేశాడు. అక్కడ ఒకే వీధిలోని ఇళ్ళకు రెండు కంపెనీలు నీరు సరఫరా చేసేవి. లాంబెత్ కంపెనీ 1852లో నగరం మురుగు కలవని ఎగువ థేమ్స్ నుండి నీరు తీసుకోవడం మొదలుపెట్టినది. సౌత్‌వార్క్-వాక్స్‌హాల్ కంపెనీ మురుగు కలిసిన చోటనే నీరు తోడేది. ఇరుగుపొరుగువారి గాలి ఒకటే, నీరు మాత్రమే వేరు. 1854 వేసవిలో మొదటి ఏడు వారాల లెక్క ప్రకారం, ప్రతి 10,000 ఇళ్ళకు సౌత్‌వార్క్ వినియోగదారులలో 315 మంది, లాంబెత్ వినియోగదారులలో 37 మంది మరణించారు. ఈ ఫలితాలను స్నో 1855లో తన పుస్తకం రెండవ కూర్పులో ప్రచురించాడు.

మరణము, గుర్తింపు

ప్రభుత్వ ఆరోగ్య మండలి ఇతని వాదనను తిరస్కరించినది. 1858 జూన్ 10న పక్షవాతానికి గురైన స్నో, జూన్ 16న 45వ యేట మరణించాడు. 1866లో తూర్పు లండన్‌లో కలరా ప్రబలినపుడు గణాంకవేత్త విలియం ఫార్ నీటి పాత్రను అంగీకరించాడు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని గుర్తించాడు. ఆ సూక్ష్మజీవిని చూడకుండానే దాని మార్గాన్ని కనిపెట్టడం స్నో ఘనత.

అతిసార వ్యాధులకు కారణమయ్యే సూక్ష్మజీవులు అనేకమని తరువాత తెలిసినది. అయినప్పటికీ వాటి వ్యాప్తిని నిర్ణయించేవాటిలో తాగునీరు, మరుగుదొడ్లు, చేతుల శుభ్రత, ఇరుకు నివాసాలు ముఖ్యమైనవి. స్నో విచారించినవి కూడా ఇవే.