సూక్ష్మజీవులకు పీట వేసిన ఇల్లాలు

నెల్లూరు తీరంలో చాలా ఊళ్లకు రొయ్యల చెరువులే బతుకుతెరువు. ఇక్కడి రొయ్య విదేశానికి ఓడెక్కాలంటే ముందు లేబరేటరీలో గట్టెక్కాలి. పేగుల్లో ఉండే ఇ.కొలై, సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు అంటుకున్నాయేమోనని చూస్తారు. ఆ పరీక్ష పళ్లెంలో గట్టిపడిన జెల్లీ ఉంటుంది. అదేమిటో తెలుసా? మనం పుడ్డింగుల్లో వేసే చైనా గ్రాసే! సముద్రపు నాచు నుంచి తీసే ఈ అగర్‌ను వంటింట్లోంచి లేబరేటరీకి చేర్చిన ఇల్లాలు ఫానీ హెస్సే.

ఫానీ 1850 జూన్ 22న అమెరికాలోని న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి వ్యాపారి. 1874లో జర్మన్ డాక్టర్ వాల్టర్ హెస్సేతో పెళ్లయింది. ముగ్గురు మగపిల్లలు. సంసారం చూసుకుంటూనే భర్త పరిశోధనల్లో చెయ్యి కలిపింది. సూక్ష్మజీవుల కోసం మాంసం రసం కాచేది. మైక్రోస్కోపులో చూసి బొమ్మలు వేసేది. జీతం లేదు, హోదా లేదు.

1881లో వాల్టర్ గాలిలోని సూక్ష్మజీవులను పరిశీలిస్తున్నాడు. అప్పట్లో వాటిని జెలటిన్ మీద పెంచేవారు. వేసవి వస్తే అది కరిగిపోయేది. కొన్ని సూక్ష్మజీవులైతే దాన్నే తిని నీళ్లు చేసేవి. అన్నీ కలిసిపోయాక ఏది ఏదో గుర్తుపట్టేదెలా? పైగా పేగుల్లోని సూక్ష్మజీవులు బాగా పెరగాలంటే మన ఒంటి వేడి, అంటే 37 డిగ్రీలు కావాలి. ఆ వేడికి జెలటిన్ నిలవదు. ఇక మన రోహిణి కార్తె సంగతి చెప్పాలా!

ఎండల్లో కూడా నీ జెల్లీలు ఎందుకు కరగవని విసిగిపోయిన వాల్టర్ భార్యను అడిగాడు. అది అగర్ మహిమ అని చెప్పిందామె. న్యూయార్క్‌లో ఉన్నప్పుడు, జావా నుంచి వచ్చిన డచ్చి వాళ్ల దగ్గర నేర్చుకున్న కిటుకు అది. అగర్ దాదాపు 85 డిగ్రీలకు గాని కరగదు. కరిగాక 40 డిగ్రీల దాకా చల్లారితే గాని పేరుకోదు. చాలా సూక్ష్మజీవులు దాన్ని తినలేవు. ఇంకేం కావాలి?

వాల్టర్ ఈ సంగతి ప్రసిద్ధ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్‌కు తెలియజేశాడు. 1882లో క్షయ సూక్ష్మజీవి గురించి ప్రకటించినప్పుడు కాక్ అగర్‌ను ప్రస్తావించాడు గాని, ఫానీ పేరు ఎత్తలేదు. ఆ దంపతులకు దానివల్ల డబ్బూ రాలేదు.

తర్వాత ఇంగ్లండ్‌లో మెకాంకీ అనే శాస్త్రవేత్త పేగుల సూక్ష్మజీవుల కోసమే ఒక మిశ్రమం తయారుచేశాడు. అందులో పిత్త లవణాలు, పాలలోని చక్కెర లాక్టోజ్, ఒక రంగు ఉంటాయి. పిత్తం పడని సూక్ష్మజీవులు చాలావరకు పెరగవు. లాక్టోజ్‌ను పులియబెట్టే ఇ.కొలై గులాబీరంగు చుక్కలుగా కనిపిస్తుంది. టైఫాయిడ్ తెచ్చేది రంగు లేకుండా ఉండిపోతుంది. ఆపైన మరికొన్ని పరీక్షలతో ఖాయం చేస్తారు. ఈ మిశ్రమాన్ని గట్టిగా నిలిపేది కూడా అగరే. డాక్టరు మన పిల్లలకు కల్చర్ టెస్టు రాస్తే, రిపోర్టుకు రెండు మూడు రోజులు పట్టేది ఇలా చుక్కలు పెరగాలి కాబట్టే.

1908లో భర్త ప్రచురించిన వ్యాసానికి పేగుల సూక్ష్మజీవుల బొమ్మలు వేసింది కూడా ఫానీయే. 1911లో వాల్టర్ చనిపోయాడు. 1934 డిసెంబర్ 1న ఆమె కన్నుమూసింది. 1939లో ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఈ కథంతా రాసి, సాదా అగర్ మిశ్రమానికి ఆమె పేరు పెట్టాలన్నారు. ఆ పేరు వాడుకలోకి రాలేదు. లేబరేటరీల్లో ఇప్పటికీ దాన్ని అగర్ అనే పిలుస్తున్నారు.