మాట తప్పని పాదిరి – ష్వార్ట్జుగారి చరిత్రము

తంజావూరి చిన్నకోటలో శివగంగ తటాకము చెంత నొక క్రైస్తవ దేవాలయము గలదు. అందు చలువరాతిపై చెక్కిన యొక దృశ్యమున, మరణశయ్యపై నున్న వృద్ధుడగు పాదిరి చేతిని ఒక హిందూ రాజు పట్టుకొని నిలిచియున్నాడు. ఆ రాజు రెండవ శరభోజి. ఆ పాదిరి క్రిస్టియన్ ఫ్రీడ్రిక్ ష్వార్ట్జుగారు. లండను నగరపు శిల్పియగు ఫ్లాక్స్‌మనుచేత దీనిని చేయించి తెప్పించినది ఆ రాజే. క్రైస్తవుడు కాని ప్రభువు ఒక క్రైస్తవ గురువునకు ఇంతటి గౌరవ మేల చేసెనో మన విద్యార్థులు తెలిసికొనుట మేలని తలంచి యీ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ష్వార్ట్జుగారు 1726లో ప్రష్యాదేశమందలి సోనెన్‌బర్గు పట్టణమున జన్మించిరి. హాలె నగరమున చదువుచుండగా బెంజమిన్ షుల్ట్జెగారివద్ద తమిళము నేర్చిరి. బైబిలును మొదట తెలుగు చేయబూనినవారు ఆ షుల్ట్జెగారే యగుటచే, ఈ చరిత్రముతో తెలుగువారమగు మనకును కొంత సంబంధము గలదు. ష్వార్ట్జుగారు 1750లో తరంగంబాడి చేరి, పిమ్మట తిరుచిరాపల్లిలోను, తుదకు తంజావూరిలోను నివసించిరి. వివాహమాడలేదు. ముసల్మానులతో సంభాషించుటకై పారసీకమును, తంజావూరి రాజసభ నిమిత్తము మహారాష్ట్రభాషను అభ్యసించిరి. పరమతస్థునికి బోధింపబోవుటకు ముందు వాని భాష నేర్చి, వాడు చెప్పునది వినుట వారి పద్ధతి.

1779లో చెన్నపట్టణపు గవర్నరు వారిని సంధి విషయమై శ్రీరంగపట్టణమునకు హైదరాలీ కడకు పంపెను. నవాబు వారిని ఆదరించి, దారిఖర్చులకై మూడువందల రూపాయల నిప్పించెను. ఆ సొమ్మును వారు తమకై యుంచుకొనక, అధికారుల యనుమతితో తంజావూరి ధర్మపాఠశాలకు వినియోగించిరి. సంధి కుదరలేదు. మరుసటి యేట హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. అయినను ఈ పాదిరికి అపకారము చేయక తిరుగనిండని తన సేనానుల కాజ్ఞాపించెను.

ఆ యుద్ధకాలమున తంజావూరి కోటలో ధాన్యము కరవై జనులు ఆకలిచే మడియుచుండిరి. పల్లెలలో ధాన్యము లేకపోలేదు. దానిని చేరవేయుటకు ఎడ్లు లేవు. లోగడ కూలి యీయక మోసగించుటచే రైతులు రాజుమాటను గాని కంపెనీవారి మాటను గాని నమ్మరైరి. అప్పుడు ష్వార్ట్జుగారు, కూలిని తమ చేతులతోనే చెల్లింతుననియు, శత్రువులు పట్టుకొనిపోయిన యెడ్లకు సైతము వెల యిత్తుననియు నలుదిక్కులకు జాబులు వ్రాసిరి. ఒకటి రెండు దినములలో వేయికి పైగా ఎడ్లు వచ్చినవి. ఎనుబదివేల కలముల ధాన్యము కోటకు చేరినది. రైతులలో నెక్కువమంది వారి మతమువారు కారు. వారికి పాదిరి మతముతో పని లేకపోయినను, పాదిరి మాటపై నమ్మకముండెను. ఆ మాట ప్రకారము వారందరికి కూలి ముట్టినది.

1787లో తుళజాజీ మహారాజు మరణింపబోవుచు, దత్తపుత్రుడగు శరభోజిని వారి సంరక్షణమున నుంచగోరెను. రాజ్యమేలు భారము తమకు తగదని వారు నిరాకరించిరి గాని బాలుని మాత్రము మరువలేదు. పినతండ్రి యగు అమరసింహుడు రాజై బాలుని చదువు సంధ్యలు లేక నిర్బంధించి యుంచగా, వారు కంపెనీవారితో వాదించి, 1793లో అతనిని చెన్నపట్టణమునకు చేర్చి చదువు చెప్పించిరి. 1798 ఫిబ్రవరి 13వ తేదిని ష్వార్ట్జుగారు పరలోకప్రాప్తి నొందిరి. శరభోజి సింహాసనమెక్కినది ఆ యేడే, కొన్ని నెలల పిమ్మట.

శరభోజి తుదివరకు హిందువుగనే యుండెను. అట్లయిన పాదిరిగారి శ్రమ వ్యర్థమాయెనా యని కొందరడుగవచ్చును. ఒకానొక కాలమున మేమును ఇట్లే యెంచితిమి. ఇప్పు డట్లనుకొనము. ష్వార్ట్జుగారు తమ విశ్వాసమును ఏ రాజసభలోను దాచలేదు. ఏ స్నేహమును ఎరగా వాడలేదు. మతము మారిననే మేలు చేయుదునని ఆ బాలునితో బేరమాడియుండినచో, వారు అతనికి గురువు కాక వర్తకుడగుదురు.

ప్రియ విద్యార్థులారా, మీరు ప్రతిదినము హిందూ మహమ్మదీయ బాలురతో ఒకే బల్లపై కూర్చుందురు. వారి తండ్రుల అంగళ్లలో సరకులు కొందురు. మీ విశ్వాసమును గూర్చి వారడిగినప్పుడు దాచక చెప్పుడు. వారి పండుగలను ఎగతాళి చేయకుడు. ఎరువు తెచ్చిన పుస్తకమును చెప్పిన దినముననే తిరిగి యిండు. తంజావూరి రైతులు పాదిరిగారి బోధను వినకముందే వారి నడతను చూచిరి. మన పొరుగువారును మన నడతనే ముందుగా చూతురు.