గురుపీఠమున ఆదిభట్ల నారాయణదాసుగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన యీ శుభసమయమున, సంచికకై యొక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను ఊరి లెక్కలు వ్రాయువాడనే కాని పండితుడను గాను. పాఠశాల చదువు ముగిసిన పిదప నాకబ్బిన కొలదిపాటి భారత భాగవతముల పరిచయమంతయు ఈ గ్రంథాలయపు బీరువాలు పెట్టిన భిక్ష. కొన్ని యేండ్ల క్రిందట ఒక పురాణసభలో నేనొక పద్యమునకు అర్థము చెప్పబోగా, పెద్దలొకరు గురువులేని విద్య గ్రుడ్డివిద్య యను సామెతను నలుగురిలో జ్ఞాపకము చేసి నన్ను కూర్చుండబెట్టిరి. ఆనాడు నా మనస్సు నొచ్చినది. ఆ సామెతలో సత్యమెంత యని చాలకాలము లోలోన విచారించుచుంటిని. నాకు సమాధానము శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారి జీవితమున దొరికినది. కావున వారి చరిత్రమునే చదువరులకు నివేదించుచున్నాను.

ఎక్కడి విజయనగరము, ఎక్కడి మన సీమ యని కొందఱకు తోపవచ్చును. గద్వాల, వనపర్తి సంస్థానముల నీడలో పెరిగిన మన పెద్దలకు రాజాశ్రయమనగా నేమో యొకరు చెప్పనక్కఱలేదు. పండితులను పిలిచి, పరీక్షించి, సత్కరించి పంపుటచే గద్వాలకు విద్వద్గద్వాల యను పేరు వచ్చినది. మనకు గద్వాల యెట్లో, తూర్పు సముద్రతీరపు తెలుగువారికి విజయనగర మట్లు. కవులకు, గాయకులకు, మల్లులకు సైత మది పుట్టినిల్లు. అట్టి సంస్థానమున రాజు స్థాపించిన గానపాఠశాలకు ప్రథమాధ్యక్షులై, పదునేడు వత్సరములు దానిని నడపినవారు నారాయణదాసుగారు.

వారు రక్తాక్షి సంవత్సరమున, అనగా 1864 ఆగస్టు 31వ తేదీన, బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడ గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి లక్ష్మీనరసమ్మగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. పురాణపఠనము ఇంటి సంప్రదాయమగుటచే, బాలుడు అక్షరములు దిద్దుటకు మునుపే తల్లినోట విని పోతనగారి భాగవత పద్యములు పెక్కు కంఠస్థము చేసెనందురు. ఐదేండ్ల వయస్సున తల్లితో కూడ నొక దేవాలయమునకు పోయి, అచ్చట పుస్తకములమ్ము దుకాణము చూచి, భాగవతము కావలెనని మారాము చేసెనట. పసివాని కీ పుస్తకమెందుకని వర్తకుడు నవ్వెనట. అంతట బాలుడు గుక్క త్రిప్పుకొనకుండ పద్యములు చదువ మొదలిడగా, వర్తకు డబ్బురపడి పుస్తకమును ఊరక యిచ్చి పంపెనని చెప్పుదురు. గ్రంథాలయోత్సవమునకు ఇంతకంటె తగిన కథ మఱొకటి యుండునా? పుస్తకము చేతికి రాకమునుపే ఆ బాలుని చెవి దానిని చదివినది.

సంగీతమున వారు క్రమశిక్షణ పొందిన కాలము స్వల్పము. చిన్ననాట బొబ్బిలిలో వీణావిద్వాంసులగు వాసా సాంబయ్యగారి కడ కొన్నాళ్లు నేర్చిరి. అంతకు మించి యొక గురువునింట ఏండ్ల తరబడి శుశ్రూష చేసి పాఠములు చెప్పించుకొన్నవారు కారు. ఇంగ్లీషు చదువు విజయనగరమున సాగినది. ఆ దినములలో చెన్నపట్టణమునుండి కుప్పుస్వామినాయుడుగారను భాగవతులు వచ్చి హరికథ చెప్పిరి. ఆ కథ వినినంతనే యువకునకు తన మార్గము గోచరించినది. 1883లో స్వయముగా ధ్రువచరిత్రమును రచించి, రాగతాళములు కూర్చి, కాళ్లకు గజ్జెలు కట్టి సభలో నిలిచెను. అప్పటికి వయస్సు ఇరువది యేండ్లు నిండలేదు. నాటినుండి సూర్యనారాయణ నారాయణదాసుడయ్యెను.

శ్రీరామనవమి పందిళ్లలో హరికథ విననివారు మన పల్లెలలో నుండరు గనుక దాని స్వరూపము వివరింప బనిలేదు. అయినను దాసుగారు దాని కేమి చేసిరో చెప్పవలెను. పాట, పద్యము, వచనము, నృత్యము, అభినయము, శాస్త్రచర్చ, హాస్యము అను నివి యన్నియు ఒక్క మనుష్యుని యందే సమావేశము కావలెనని వారు పట్టుపట్టిరి. కథకుడే కవి, కథకుడే గాయకుడు, కథకుడే నర్తకుడు. అంబరీషచరిత్రము, గజేంద్రమోక్షము, రుక్మిణీకల్యాణము, సావిత్రీచరిత్రము, భీష్మచరిత్రము, యథార్థరామాయణము మున్నగు కథలను వారే వ్రాసి వారే పాడిరి. పండితుల కొఱకు సంస్కృతమునను, ఒక్క సంస్కృతపదమైన పొసగనీయక అచ్చతెనుగునను కథలు కట్టిరి. అందుచేతనే లోకము వారిని హరికథా పితామహుడని కొనియాడినది.

లయయందు వారి ప్రజ్ఞ అనన్యసామాన్యము. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు అను నైదింటితో ఐదు తాళములు వేర్వేరుగా చూపుచు, నోట పల్లవి పాడుట వారికి సాధ్యమైనది. దీనికే పంచముఖి యని పేరు. ఇందులకు పంచముఖీ పరమేశ్వరుడు, లయబ్రహ్మ యను బిరుదములు లభించినవి. ఒకచేత లెక్క వ్రాయుచు నొకనోట మాటలాడుటకే తడబడు మావంటివారికి ఆ విద్య ఊహకైన నందదు.

వారి కీర్తి ముందు పరదేశమున వ్యాపించి పిదప ఇల్లు చేరినది. మైసూరున చామరాజ ఒడయరు ప్రభువు వారి గానమును విని సత్కరించెను. అది విని విజయనగరాధీశుడగు ఆనందగజపతి మహారాజు వారిని తన యాస్థానమునకు పిలిపించెను. గురజాడ అప్పారావుగారు మున్నగు పెద్దలున్న కొలువది. కాళిదాస షేక్స్పియరు మహాకవుల నాటకములనుండి నవరసములకు తగిన ఘట్టములు తీసి, వానిని తెనిగించి, పోల్చి చూపునట్టి నవరసతరంగిణి యను గ్రంథమునకు ఆ ప్రభువు కోరికయే బీజము. 1897లో ఆనందగజపతి స్వర్గస్థుడయ్యెను. గ్రంథము అచ్చయి వెలువడుట 1922లో.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వత్తును. 1919లో విజయరామగజపతి మహారాజు విజయనగరమున గానపాఠశాల నెలకొల్పెను. ఆస్థానోద్యోగి యొకని కుమారుడు చూపులేనివాడై యుండియు సంగీతమందు ఆసక్తి గలవాడగుటచే, అతనికి విద్య చెప్పించు తలంపే ఈ పాఠశాలకు మూలమని పెద్దలందురు. దాని అధ్యక్షపదవికి దాసుగారిని నియోగించిరి. నాటికి వారికి ఏబదియైదవ యేడు. అంతవఱకును సభయే వారి రాజ్యము. తోచిన కథ, తోచిన రాగము, తోచినంతసేపు. పాఠశాల మార్గము వేఱు. గంట కొట్టినప్పుడు తరగతి మొదలిడవలెను. సరళివరుసలు, జంటవరుసలు, అలంకారములు, గీతములు, వర్ణములు, కృతులు అను మెట్లు ఒక్కొక్కటి ఎక్కింపవలెను. మందబుద్ధికిని తీక్ష్ణబుద్ధికిని ఒకే పలక. తాను ఒక్క గంతులో దాటిన దూరమును ఇతరులచే అడుగడుగున నడిపించుట యెంతటి కష్టమో, చదువు చెప్పినవా రెఱుగుదురు.

గురువు కడ చిరకాలము కూర్చుండనివాడు గురుపీఠమున కూర్చుండుట విపరీతముగ కనబడవచ్చును. నాకు మాత్రము అందు న్యాయము కనబడుచున్నది. దారి లేనిచోట నడచినవానికి ముండ్లున్న చోటులు తెలియును. వాని నేరివైచి వెనుక వచ్చువారికి బాట వేయుట వాని ధర్మము. మఱియు దాసుగారికి తనకంటె భిన్నమైన విద్యను గుర్తించు పెద్దమనస్సు కలదు. పాఠశాల తెఱచిన యేడే ద్వారం వేంకటస్వామినాయుడుగారు వయొలిను చేతబట్టుకొని విద్యార్థిగా చేరుటకు వచ్చిరి. వారి వయస్సు ఇరువదియాఱు. బాల్యమునుండియు దృష్టిమాంద్యమున్నవారు. వారి వాదనము విన్న పిదప దాసుగారు శిష్యుల వరుసలో కూర్చుండబెట్టక, ఆచార్యస్థానమునే యిప్పించిరి. వచ్చినవానికి ఎంత తెలియునో కనిపెట్టి, తెలిసినదానికి తగిన పీట వేయుట గురువునకు మొదటి లక్షణము. నన్ను సభలో కూర్చుండబెట్టిన పెద్దలు ఈ కథ వినియుండరనుకొందును.

పాఠశాల నడపుచుండియు వారు కలము విడువలేదు. తొంబది రాగములతో దశవిధరాగనవతికుసుమమంజరి యను రాగమాలికను కూర్చినవారు వారు. పారసీక భాషను నేర్చి, ఉమరు ఖయ్యాము రుబాయీలను మూలమునుండియే సంస్కృతమునకును అచ్చతెనుగునకును మార్చి, ఫిట్జెరాల్డుగారి ఇంగ్లీషు పద్యములను సైతము సరసన నిలిపి, 1932లో గ్రంథముగా ప్రకటించిరి. నిజామురాజ్యమున పుట్టిన మన తాతలు పారసీక పదములను పహాణీ, జమాబందీ, సేత్వారు అను దస్త్రములలో మాత్రమే ఎఱుగుదురు. శిస్తు బాకీలతో పాటు మన గుమ్మమునకు వచ్చిన ఆ భాషలో మధురమైన కవిత్వము కలదని, తీరాంధ్రమందలి యొక హరిదాసు మనకు చూపవలసి వచ్చినది. పాత దస్త్రములు త్రిప్పునపుడెల్ల నాకు ఈ సంగతి జ్ఞాపకమునకు వచ్చును.

పాఠశాల పెట్టిన మహారాజు 1922లోనే గతించెను. ప్రభువు పోయినను పాఠశాల నిలిచినది. 1936లో దాసుగారు పదవి విరమింపగా ద్వారంవారు అధ్యక్షులైరి. 1945 జనవరి 2వ తేదీన దాసుగారు విజయనగరముననే పరమపదించిరి. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి జమీందారీలు తొలగిపోయినవి. అయినను విద్య ఆగలేదు. ఆ రాజుగారి పాఠశాల ప్రభుత్వ కళాశాలగా మాఱినది. మధూకరమెత్తి భుజించుచు చదువుకొన్న ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అచ్చటివారే. కర్ణాటక గాయకులలో అగ్రగణ్యులైన నేదునూరి కృష్ణమూర్తిగారు అచ్చట నేర్చి, పిమ్మట పలు సంగీత కళాశాలలకు అధ్యక్షులై, ఆ కళాశాలకును అధ్యక్షత వహించిరి. పి. సుశీలగారి కంఠమునకు మెఱుగుపెట్టినదియు ఆ స్థలమే. మన పల్లెలలో రేడియో పాడిన నాడెల్ల, తెలిసియో తెలియకయో, మన మా పాఠశాల ప్రసాదమును స్వీకరించినవారమే.

ఒక లోటు దాచక చెప్పవలెను. దాసుగారి పాఠశాల నిలిచినది కాని దాసుగారి హరికథ యథాతథముగ నిలువలేదు. పంచముఖి వారితోనే పోయినది. తొంబది రాగముల మాలికను ఆమూలాగ్రము పాడగలవారు నేడు అరుదు. తన జీవితకథను నా యెఱుక యను పేర వ్రాయదొడగి, ముప్పదియేండ్ల వయస్సువఱకే నడిపిరి గనుక, గురుపీఠమున గడపిన పదునేడు వత్సరములను గూర్చి వారి మాటలు అందు మనకు లభింపవు. మెట్లుగా విభజింప శక్యమైనంత పాఠశాలకు దక్కినది. మిగిలినది మహాపురుషునితో పోయినది. ఇది వారి లోపమనుటకు వీలులేదు. పాఠముగా చెప్పుటకు వీలగు విద్య యొకటి, ఒక్కరి యందే పుట్టి ఒక్కరితో గిట్టు ప్రతిభ యొకటి. మొదటిదానిని పదిలపఱచుటకే పాఠశాలలు, గ్రంథాలయములు. రెండవదానిని చూచినవారు ధన్యులు.

మన సీమలోను ఇట్టి మార్పే జరిగినది. 1948 తరువాత మన సంస్థానములు పోయినవి. గద్వాల కోటలో డిగ్రీ కళాశాల వెలసినది. వనపర్తి రాజభవనము పాలిటెక్నిక్ విద్యాలయమైనది. పండితులు మాత్రమే ప్రవేశింపగల వాకిళ్లలో పాలేరు కొడుకు పుస్తకము పట్టుకొని ప్రవేశించెను. రాజు ఇచ్చిన శాలువ ఒకని భుజముపై చినిగిపోవును. రాజు పెట్టిన బడి తరతరములకు దక్కును.

ఇక సామెత మాట. గురువులేని విద్య గ్రుడ్డివిద్య యనుటలో సత్యమున్నదని నేను ఇప్పుడు ఒప్పుకొందును. దాసుగారికి గురువు లేకపోలేదు. తల్లి నోటి పద్యమొక గురువు. వర్తకుడు ఊరక యిచ్చిన భాగవతమొక గురువు. ఒక్కరాత్రి విన్న పరదేశి హరికథ యొక గురువు. ఆ ఋణములను వారు గురుపీఠమున కూర్చుండి తీర్చుకొనిరి. నాకును గురువు కలదు. దానికి నాలుగు గోడలు, రెండు కిటికీలు, కొన్ని బీరువాలు. ఇరువదియైదేండ్లుగా ఎవ్వరి కులగోత్రములు అడుగక తలుపు తెఱచి యుంచినది. కావున ఇకమీద సాయంకాలములందు, పుస్తకమునకై వచ్చు పిల్లలకు నాకు తెలిసిన నాలుగు పద్యములు చెప్పుటకు గ్రంథాలయపు అరుగుమీద కూర్చుందును. తప్పులు దొరలిన పెద్దలు వచ్చి దిద్దుదురుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జూచునుగాక యని శ్రీ చెన్నకేశవస్వామివారిని ప్రార్థించుచు విరమించుచున్నాను.